అధ్యక్షా, ఒక్క నిమిషం

ప్రశ్నల కౌన్సిలరు తెలుగు పురపాలక సంఘాల్లో విరివిగా కనిపించే ప్రజాప్రతినిధి. నెలనెలా జరిగే సాధారణ సమావేశంలో ఇతను రెండో వరుసలో, మైకు చేతికందే చోట, విలేకరులకు ముఖం సూటిగా కనిపించే కుర్చీలో కూర్చుంటాడు. ఆ కుర్చీ ఎవరూ కేటాయించింది కాదు. ప్రమాణ స్వీకారం నాడే గంట ముందు వచ్చి, బస్సులో సీటుకు వేసినట్టు చేతిరుమాలు వేసి సంపాదించుకున్నది.

ఇతని పుట్టుకకు మూలం 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణలో ఉంది. ఆ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు పట్టణ సంస్థలు చూసుకోదగిన 18 అంశాలను వరసగా పేర్కొంది. మంచినీరు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, పార్కులు, పర్యావరణ పరిరక్షణ, బందెలదొడ్డి అన్నీ అందులో ఉన్నాయి. జనన నమోదు మొదలుకొని శ్మశానం దాకా మనిషి బతుకంతా అందులోనే ఉంది. అయితే వీటిపై అధికారాలు ఎంతమేరకు ఇవ్వాలన్నది మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. అడగడానికి పద్దెనిమిది, చేయడానికి చేతిలో ఉన్నవి అంతకంటే బాగా తక్కువ. పైగా ఏ పనికైనా నిధులు కావాలి, అంచనాలు కావాలి, సాంకేతిక మంజూరు కావాలి. టెండరు పిలవకుండా కౌన్సిలరు చేయగలిగిన పని ప్రశ్న ఒక్కటే. అందుకే ఇతను ఆ పనిని ఇంత శ్రద్ధగా చేస్తాడు.

ఎజెండా కాపీ ఇంటికి ముందే చేరుతుంది. దాన్ని ఇతను కౌన్సిల్ హాలు మెట్లెక్కుతూ చదువుతాడు. ఆఖరి నిమిషంలో బల్ల మీద పెట్టే అదనపు అంశాలను టేబుల్ ఎజెండా అంటారు. అది కనబడగానే ఇతని ముఖం వెలిగిపోతుంది. "అధ్యక్షా, ఇప్పుడిచ్చి ఇప్పుడే ఆమోదించమంటే చదివేదెప్పుడు?" అని లేస్తాడు. నాలుగు రోజుల కింద ఇచ్చిన అసలు ఎజెండా అప్పటికింకా మడత విప్పకుండా చంకలోనే ఉంటుంది.

ఇతని ప్రశ్నలో ప్రశ్న చాలా ఆలస్యంగా వస్తుంది. ముందు అధ్యక్ష స్థానానికి నమస్కారాలు, ఆ తర్వాత తనను గెలిపించిన వార్డు ప్రజలకు పాదాభివందనం, గత పాలకుల నిర్వాకం, దారిలో తాను స్వయంగా తొక్కిన గుంట. ఇవన్నీ అయ్యాక "ఎందుకు చేయలేదు, ఎప్పుడు చేస్తారు, ఎవరు బాధ్యులు, దీనికి కమిషనర్ గారు సమాధానం చెప్పాలి" అని ఒక్క ఊపిరిలో ముగించి కూర్చుంటాడు. కూర్చున్న మరుక్షణం ఫోను తీస్తాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ అనుచరుడు తీసిన వీడియో, కమిషనర్ గొంతు సవరించుకునే లోపే వార్డు వాట్సాప్ గ్రూపులో చేరి ఉంటుంది. సమాధానం ఆ వీడియోలో ఉండదు. ఉండనక్కర లేదు కూడా.

వస్తు ప్రదర్శన ఇతని ఇంకో విద్య. ఖాళీ బిందె పాతబడింది, ఇప్పుడు సీసా నడుస్తోంది. తన వార్డు కుళాయిలో పట్టిన బురద నీటిని మినరల్ వాటర్ సీసాలో తెచ్చి, "ఈ నీళ్లు కమిషనర్ గారు తాగి చూపించాలి" అని పైకెత్తడం ఇందులో ముఖ్య ఘట్టం. చిక్కల్లా కాలంతోనే. మంచినీటి అంశం ఎజెండాలో ఇరవై ఆరోది. దాని వంతు వచ్చేసరికి మూడు గంటలు గడుస్తాయి. బురదంతా పేరుకుని అడుగున వేలెడు మందాన కూర్చుంటుంది, పైన నీళ్లు తేటగా మెరుస్తుంటాయి. "బాగానే ఉన్నాయిగా సార్" అంటాడు డీఈ. కౌన్సిలరు సీసాను ఆయుర్వేద మందులా గిలకొట్టాల్సి వస్తుంది. మూత వదులుగా ఉంటే పక్క వార్డు సభ్యుడి తెల్లచొక్కా కూడా సాక్ష్యంగా మిగులుతుంది.

పర్యావరణ విధానంలో ఇతను అడుగుపెట్టింది ఈ మధ్యే. ప్లాస్టిక్ సంచి మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదని కంఠతా చెబుతాడు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాన్ని కొలిచే పరికరం హాల్లో ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి చర్చ నిరాటంకంగా సాగుతుంది. స్వీటు డబ్బా మీద చుట్టే పలచటి పొర 2022 జూలై 1 నుంచి నిషేధ జాబితాలో ఉంది. ప్లాస్టిక్ భూతంపై గర్జించి కూర్చున్న ఇతను, ఎవరి పుట్టినరోజు సందర్భంగానో పంచిన స్వీటు డబ్బా మీద ఆ పొరనే గోటితో గీకి, రాకపోతే పంటితో లాగి, ఉండ చుట్టి కుర్చీ కింద పడేస్తాడు. బయట గేటు పక్కన ఫ్లెక్సీలో అదే ముఖం చేతులు జోడించి నవ్వుతుంటుంది.

మొక్కల విషయంలో చట్టం ఇతని భాషనే మార్చేసింది. తెలంగాణ 2019 పురపాలక చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత వార్డు సభ్యుడి మీద కూడా పెట్టింది. అంతకుముందు "ఒక్క మొక్కా బతకలేదు అధ్యక్షా" అని బల్ల గుద్దినవారు, ఆ తర్వాత "పైకి ఎండినట్టు కనబడుతుంది గాని వేరు పచ్చిగానే ఉందండి" అనడం మొదలుపెట్టారు. డంపింగ్ యార్డు సంగతి ఇంకా సులువు. పట్టణానికి యార్డు అత్యవసరమని కౌన్సిల్లోని ముప్పై మందీ ఒప్పుకుంటారు. ఎక్కడ అన్న మాట రాగానే ముప్పై మందీ ఎదుటివారి వార్డు వైపు చూస్తారు.

కండువాతో పాటు ప్రశ్న కూడా మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలయ్యాక ఇంటింటా చెత్తకు రుసుము వసూలు చేశారు. అప్పుడు ప్రతిపక్ష సభ్యులు "చెత్త మీద పన్నా?" అని అడిగారు. 2024లో ప్రభుత్వం మారి ఆ రుసుము రద్దయింది. ఇప్పుడు "చెత్త బండి రాదేం?" అని అడిగేది అవతలి పక్షం. హాలు అదే, కుర్చీలు అవే. వీధి చివర చెత్తకుప్ప కూడా అక్కడే ఉంది.

ఈ జాతిలో మహిళా కౌన్సిలరును వేరుగా చెప్పుకోవాలి. రెండు రాష్ట్రాల పట్టణ సంస్థల్లో సగం స్థానాలు మహిళలవే. తొలి ఏడాది ఆమె ప్రశ్న గేటు బయట కారులో కూర్చున్న భర్త దగ్గర నుంచి ఫోనులో వస్తుంది. ఒకసారి ఆమె "మురుగు కాలువల పూడికతీతకు ఎంత ఖర్చు చేశారు, కొంచెం గట్టిగా చదువు" అని మొత్తం చదివేసింది కూడా. రెండో ఏటికి ఫోను సంచిలోకి పోతుంది. "కుళాయి నలభై అయిదు నిమిషాలు ఇస్తున్నామన్నారు. మంగళవారం పదకొండో బిందె సగంలో ఆగింది. ఆ మిగతా నీళ్లెటు పోయాయండీ?" అంటుంది. డీఈ ఫైలు తిరగేస్తాడు. బిందెల లెక్క ఆ ఫైల్లో ఉండదు. అధికారులు నిజంగా భయపడేది ఈ రకం ప్రశ్నకే. దానికి పాదాభివందనాలు ఉండవు, వాకౌట్ కూడా ఉండదు.

మగ కౌన్సిలరును ఓడించేది మాత్రం సమాధానమే. ఎప్పుడో ఒకనాడు ఏఈ లేచి, "ఆ వీధి దీపం నిన్న సాయంత్రమే వేశాం సార్" అంటాడు. ఇతను ఒక క్షణం తడబడతాడు. చేతిలో కాగితం అటూ ఇటూ తిప్పి, "మరి ఇన్నాళ్లూ ఎందుకు వేయలేదు?" అని తేరుకుంటాడు.

సమావేశం ముగిశాక ఇరవై నిమిషాల ఇతని ప్రసంగం మినిట్స్ పుస్తకంలోకి ఇలా ఎక్కుతుంది: "పారిశుద్ధ్యంపై సభ్యులు చర్చించారు. తగు చర్యలు తీసుకోవడమైనది." వచ్చే నెల ఎజెండాలో మొదటి అంశం, గత సమావేశపు మినిట్స్ ఆమోదం. ఇతను రుమాలు తీసి జేబులో పెట్టుకుని లేస్తాడు.