పది రూపాయల పిల్లి

గుంటూరు బ్రాడీపేటలో ఒక వీధిపిల్లి విలువ ఎంత అన్న ప్రశ్నకు ఆచారం ఒక లెక్క, చట్టం ఒక లెక్క, లోకం మరొక లెక్క చెబుతున్నందున, కాలు విరిగి ఏ అడ్డరోడ్డులోనో నిలిపిన కారు కింద నక్కిన పిల్లి తన ధర తేలేదాకా ఆగక తప్పడం లేదు. పెద్దల మాట ప్రకారం పిల్లిని చంపినవాడు బంగారంతో పిల్లిని చేయించి దానం ఇస్తేగాని ఆ పాపం పోదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఇంత ఉదారంగా ఆలోచించలేదు. దాని 428వ సెక్షను ప్రకారం చంపడమో అవిటిని చేయడమో నేరం కావాలంటే ఆ జంతువు కనీసం పది రూపాయలు ఖరీదు చేయాల్సి వచ్చేది, 429వ సెక్షను కిందికి రావాలంటే యాభై రూపాయలు పలకాల్సి వచ్చేది. ఏనుగుకు, ఒంటెకు, గుర్రానికి, గేదెకు, ఆవుకు, ఎద్దుకు మాత్రం ఈ ధర పరీక్ష ఉండేది కాదు. వీధిపిల్లిని కొన్నవాడు లేడు, అమ్మినవాడు లేడు, మిర్చి యార్డులో దానికి పాట పాడినవాడు అంతకంటే లేడు గనక, అది పది రూపాయల జంతువని రుజువు చేయడం ఏ ప్లీడరుకైనా కష్టంగానే ఉండేది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత తన 325వ సెక్షనులో ఈ వెల మాట ఎత్తివేసి, ఏ జంతువునైనా సరే చంపినా అవిటిని చేసినా ఐదేళ్ళ దాకా జైలు అన్నది. అయితే ఆ సెక్షను ఇప్పటికీ ఆస్తికి సంబంధించిన నేరాల అధ్యాయంలోనే కూర్చుని ఉంది కాబట్టి, ఎవరి ఆస్తీ కాని పిల్లి ఆ గుమ్మం ఎలా ఎక్కాలో చెప్పవలసిన బాధ్యతను చట్టం పిల్లికే వదిలిపెట్టింది.

జంతుహింస నివారణ చట్టం పేరుతో 1960 నుంచి మరొకటి ఉన్నది. కొట్టడం, తన్నడం, అనవసరంగా బాధపెట్టడం దీని 11వ సెక్షను కింద నేరాలు. మొదటిసారి దొరికినవారికి జరిమానా పది రూపాయలకు తక్కువ కాకుండా, యాభైకి మించకుండా ఉంటుంది. అరవయ్యేళ్ళకు పైగా ధర పెరగని సరుకు దేశంలో ఇదొక్కటే అయివుండాలి. ఆ గరిష్ఠ జరిమానాతో ఇవాళ బ్రాడీపేటలో ఒక ప్లేటు నేతి ఇడ్లీ వస్తుందో రాదో బేరం చూసుకోవలసిందే. ఈ చట్టానికి మూలం రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు కూడా ఆమెయే. (బ్రాడీపేట పక్కనున్న అరండల్‌పేటకు ఆమెతో పేరు పోలికే తప్ప చుట్టరికం లేదు, ఉంటే పిల్లులు ఇల్లు మారేవి.)

ధర తేలని జీవికి లెక్కలోనూ చోటు ఉండదు. 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణనలో, అంటే ఇంటింటికీ తిరిగి పెంపుడు జంతువులను లెక్కించే ప్రభుత్వ కార్యక్రమంలో, ఆవు, గేదె, మేక, గొర్రె, పంది, కుక్క, కుందేలు, గాడిద, ఒంటె, ఏనుగు, హిమాలయాల్లో తిరిగే యాక్, ఈశాన్య కొండల్లో ఉండే మిథున్ ఉన్నాయి, పిల్లి లేదు. గణకుడు బ్రాడీపేటలో గడప గడపకూ వెళ్ళి యాక్ లేదని రాసుకోవచ్చు గాని, గోడ మీద కూర్చుని తననే చూస్తున్న పిల్లిని ఉన్నదని రాసుకోవడానికి గడి లేదు. అమరావతి దారిలో ఉన్న లాంలోని పశుపరిశోధన కేంద్రం ఒంగోలు జాతిని కాపాడే పనిలో ఉన్నది. అది గర్వించదగిన పనే, ఆ జాతి బ్రెజిల్ దాకా వెళ్ళి నెలోర్ అన్న పేరుతో అక్కడి మందలను నింపింది. పిల్లి చేసిన తప్పల్లా దున్నకపోవడం, పితికించుకోకపోవడం, ఎగుమతి కాకపోవడం.

శ్రీవైష్ణవంలో మార్జాల కిశోర న్యాయం అని ఒక సిద్ధాంతం ఉంది. తల్లిపిల్లి తన కూనను నోట కరచుకుని మోస్తుంది, కూన చేయవలసింది ఏమీ లేదు. అలాగే జీవుడు ఊరకుంటే చాలు, భగవంతుడే మోస్తాడు అని తెంగలై సంప్రదాయం చెబుతుంది. తల్లికోతిని పిల్లే గట్టిగా పట్టుకోవాలనే మర్కట కిశోర న్యాయం వడగలై వారిది. గాయపడిన పిల్లి విషయంలో బ్రాడీపేట వాసులు, ఏ మతానికి చెందినవారైనా, తెంగలైని అనుసరిస్తున్నారు: మూడో అంతస్తు వారు రెండో అంతస్తు వారు చూస్తారని, రెండో అంతస్తు వారు వాచ్‌మన్ చూస్తాడని, వాచ్‌మన్ మునిసిపాలిటీ వాళ్ళు చూస్తారని నమ్మి ఊరకుంటారు. ఇంతటి శరణాగతి దేవుడి విషయంలో కూడా కనబడదు.

ఊరకుండనివారు కొందరున్నారు; పిల్లికి అసలు గండం వారితోనే. మందుల షాపు లేని సందు దొరకని ఈ పేటలో ప్రతి ఇంటి సొరుగులోనూ జ్వరం బిళ్ళ ఉంటుంది గనక, మూలుగుతున్న జీవికి ఆ బిళ్ళను పాలలో నూరి పెట్టడం దయగలవారికి తోచే మొదటి చికిత్స. ఆ పారాసిటమాల్‌ను మనిషి కాలేయం గ్లూకురోనిక్ ఆమ్లంతో జతకట్టి, హాని లేకుండా చేసి మూత్రంలో పంపేస్తుంది. దీనికి గ్లూకురోనిడేషన్ అని పేరు. పిల్లి కాలేయంలో ఈ పని చేసే ఎంజైము మరీ తక్కువ కావడంతో మందు విషమై, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని మెథిమోగ్లోబిన్‌గా మారుస్తుంది. చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, మూతి వాస్తుంది, ఊపిరి ఆడదు. 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఒక్కటి ఒక పిల్లిని చంపగలదు. పుండు మీద డెట్టాల్ పోసే పుణ్యాత్ములు మరికొందరు. ఫినాల్ జాతికి చెందిన అందులోని రసాయనాన్ని కూడా పిల్లి కాలేయం వదిలించుకోలేదు, పైగా పుండును నాకడం పిల్లి మానదు. ఇక పాలు: ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలవుతాయి. కారు చక్రం నుంచి తప్పించుకున్న పిల్లి ఇన్ని ఉపకారాల నుంచి తప్పించుకోవడం అరుదు.

నిజానికి చేయవలసిన పని చూడడానికి ఏమంత కరుణామయంగా ఉండదు. మందపాటి పాత తువ్వాలు మీద పడేసి, తలతో సహా చుట్టి ఎత్తి, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి, మూత వేసి, చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచాలి. దెబ్బ తగిలిన పిల్లి వెలుగును, మనుషులను, ముఖ్యంగా తల నిమిరే చేతిని శత్రువుగానే చూస్తుంది. అర లీటరు మరిగించి చల్లార్చిన నీటిలో ఒక చెంచా ఉప్పు కలిపి పైపై పుండును కడగవచ్చు. మరో పిల్లి కరిచిన గాటు సూదిమొనంత ఉండి పైన త్వరగా మూసుకుపోతుంది, లోపల చీము పట్టి నాలుగైదు రోజులకు గడ్డగా ఉబ్బుతుంది. దాన్ని గోటితో నొక్కడం కాదు, డాక్టరు చేత కోయించాలి. నోరు తెరిచి రొప్పుతున్నా, పుండులో పురుగులు కనబడినా ఆలస్యం పనికిరాదు. పిల్లి ఎక్కడినుంచి పడ్డా కాళ్ళ మీదే పడుతుందని ఐదో అంతస్తు వారికి గట్టి నమ్మకం. న్యూయార్క్‌లో కిటికీల్లోంచి పడిన 132 పిల్లుల మీద 1987లో వెలువడిన పరిశీలనలో నూటికి తొంభై బతికిన మాట నిజమే, కాని వాటిలో అనేకం ఛాతీ దెబ్బలతో, పగిలిన దవడలతో ఆసుపత్రిలో వైద్యం పొంది బతికినవి. పట్టుకునేటప్పుడు కరిస్తే, గీరితే, ఆ చోటును సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీటి కింద కడిగి, ఆలస్యం చేయకుండా రేబిస్ టీకా వేయించుకోవాలి. కుక్కకాటుకే టీకా అన్న భ్రమ ఈ ఊళ్ళో గట్టిగా ఉంది.

పెట్టెలో పెట్టిన పిల్లిని ఎక్కడికి తీసుకుపోవాలన్నది తరువాతి ఘట్టం. 2022 మే నెలలో రాష్ట్రంలో ప్రారంభమైన సంచార పశు అంబులెన్సులు 1962 నంబరుకు ఫోను చేస్తే వస్తాయి. పడిపోయిన గేదెను ఎత్తడానికి వాటికి హైడ్రాలిక్ లిఫ్టు కూడా అమర్చారు. మూడు కిలోల పిల్లికి ఆ లిఫ్టు వేయమని అడగడానికి చాలామందికి మొహమాటం అడ్డొస్తుంది. ఆటో కట్టించుకుని పశువుల ఆసుపత్రికి చేరినవారికి చీటీ రాసే బల్ల దగ్గర సంభాషణ ఒక్కటే ఎదురవుతుంది:

“యజమాని పేరండీ?”

“మాది కాదండీ, మా సందులో తిరుగుద్ది.”

“అంటే ఎవరిదని రాయమంటారు?”

యజమాని గడి ఖాళీగా ఉంటే చీటీ కదలదు కాబట్టి పెట్టె మోసుకొచ్చినవారి పేరే అందులో పడుతుంది. ఆ విధంగా వీధిపిల్లి కాలు విరగ్గొట్టుకుని ఒక యజమానిని సంపాదించుకుంటుంది, ఆ యజమాని ఇంటికి వెళ్ళి ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు చెప్పుకోవలసి వస్తుంది. విరిగిన కాలికి శస్త్రచికిత్స కావాలంటే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మాట వినబడుతుంది. అక్కడికి బస్సులో పిల్లికి టిక్కెట్టు ఎంతన్నది మళ్ళీ ధర ప్రశ్నే. 2001 నాటి నియమాలు ప్రతి జిల్లాలోనూ జంతుహింస నివారణ సంఘం, దానికొక చికిత్సాలయం ఉండాలన్నాయి. నియమం బ్రాడీపేట పిల్లికంటే ఆరోగ్యంగా ఉంది.

ఇటలీ 1991లో 281వ నంబరు చట్టంతో స్వేచ్ఛగా బతికే పిల్లులను హింసించరాదని, శస్త్రచికిత్సతో సంతానం కలగకుండా చేసి తిరిగి వాటి గుంపులోనే వదలాలని శాసించింది. రోములో జూలియస్ సీజరు హత్య జరిగిన శిథిలాల నడుమ పిల్లులకు ఆశ్రయం నడుస్తోంది. అక్కడ వాటికి అన్నం పెట్టే స్త్రీలను గత్తారె అని పిలుస్తారు. బ్రాడీపేటలో ఆ పని చేసే ఆవిడను ఏమని పిలుస్తారో అచ్చువేయడం మర్యాద కాదు.

దాంతో ఆవిడ కూడా లోకం భాషలోనే వాదించడం నేర్చుకుంది: “ఎలుకల్ని పడుద్దండీ.” 2015 ఆగస్టులో ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో ఎలుకలు కొరికి పసికందు చనిపోయిన ఊరిలో ఆ మాట తేలిగ్గా తీసివేయదగినది కాదు. అయితే 2018లో వెలువడిన బ్రూక్లిన్ పరిశోధనలో 79 రోజులపాటు కెమెరాలు పెట్టి చూస్తే పిల్లులు చంపిన పెద్ద ఎలుకలు రెండే. ఉద్యోగం సరిగా చేయనందుకు వైద్యం ఆపాలన్న నియమాన్ని బ్రాడీపేటలో మనుషులకు కూడా వర్తింపజేస్తే ఎన్ని ఆసుపత్రులు మూతపడతాయో ఆలోచించుకోవచ్చు.

అపార్టుమెంటు సంఘాల సమావేశాల్లో ఈ విషయం మోటారు మరమ్మతు, లిఫ్టు కాంట్రాక్టు తరువాత “పిల్లుల బెడద” అన్న పేరుతో చర్చకు వస్తుంది. ఆవరణలో ఉండే సామూహిక జంతువులకు ఆహారం పెట్టే ఏర్పాటు నివాసుల సంఘమే చూడాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల్లో 20వ నియమం చెబుతున్నదని ఎవరైనా అంటే, ఆ నియమం కుక్కల కోసమని ఒకరు, మనది సంఘమే కాదు కమిటీ అని మరొకరు సమాధానం చెబుతారు. పిల్లుల అంశం వచ్చే నెలకు వాయిదా పడుతుంది; పార్కింగులో ఎలుకలు కొరికిన కారు వైర్ల ఖర్చును మాత్రం, అభ్యంతరాలు లేనందున, ఆ నెల మెయింటెనెన్సులోనే కలుపుతారు.