రశీదు పంతులు

గ్రామీణాభివృద్ధి గురించి రాసిన గ్రంథాలు లబ్ధిదారుని, అధికారిని విపులంగా వర్ణిస్తాయి గానీ, ఆ ఇద్దరి మధ్య చెప్పులరిగేలా తిరిగే మూడో మనిషిని పట్టించుకోవు. పైసా పుచ్చుకోడు కనుక ఈయన దళారి కాడు. వార్డు ఎన్నికల్లో నిలబడినా వాగ్దానాలకు బదులు ఎన్నికల నియమావళి వినిపిస్తాడు కనుక నాయకుడూ కాలేడు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఈ పెద్దమనిషికి ఊరు పెట్టుకున్న పేరు రశీదు పంతులు.

ఆ బిరుదుకు మూలం ఉపాధి హామీ చట్టం. పార్లమెంటు 2005లో ఆమోదించిన ఆ చట్టం, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకంగా మొదలై, గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల కూలి పనికి హామీ ఇచ్చింది. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి, అంటే పని దొరకని రోజులకు పరిహారం, చెల్లించాలని కూడా చెప్పింది. ఆ 15 రోజులు ఎప్పటినుంచి లెక్కించాలో తేలాలంటే అర్జీ అందినట్టు తేదీ వేసిన రశీదు ఉండాలి. ఊరిలో ఈ కిటుకు పట్టినది పంతులొక్కడే కావడం వల్ల, ఫీల్డ్ అసిస్టెంటు స్వయంగా వచ్చి చెరువు పూడికతీతకు పిలిచినా, రశీదు చేతికి రానిదే పార ముట్టుకోవద్దని ఆయన కూలీలను ఆపుతాడు. కూలి కట్టేది తవ్విన మట్టి కొలతను బట్టి కనుక, “ఆ కాగితం వండుకోని తింటామా సారూ, ఎండ ముదరకముందే నాలుగు గంపలు ఎత్తిపోసుకోనీ” అని ఆడవాళ్లు మొత్తుకుంటారు.

ఆయన చంకలోని సంచిలో ఊరందరి ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు ఉంటాయి. ఈ-కేవైసీ, అంటే వేలిముద్రతో మనిషిని ధ్రువీకరించే పద్ధతి, వచ్చాక అందులో ఒక కొబ్బరినూనె సీసా కూడా చేరింది. కలుపు తీసి తీసి గీతలరిగిన ముసలమ్మ బొటనవేలిని కండువాతో తుడిచి, నూనె రాసి, మళ్లీ పెట్టించి, అప్పటికీ కుదరకపోతే పంతులు యంత్రం మీదే అర్జీ రాస్తాడు. కలెక్టరేటులో సోమవారం అర్జీలు తీసుకునే కార్యక్రమానికి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది గానీ, అక్కడ ఈయన కూర్చునే కుర్చీ మారదు.

సామాజిక తనిఖీ, అంటే మస్టరులోని పేర్లను, చెల్లింపులను ఊరి ముందు చదివి సరిచూసే పద్ధతి, ఆయనకు సంక్రాంతితో సమానం. దానికోసం ఆంధ్రప్రదేశ్ 2009లో ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేసినా, కాటికి పోయినవాడి పేరున పడిన హాజరును పట్టుకుని, పనిలో పనిగా ఆ పేరులో జారిపోయిన ఒత్తును కూడా దిద్దే ఓపిక పంతులుదే. ఈ వ్యసనం పెళ్లిళ్లకూ పాకి, 116 రూపాయలు చదివించి, తేదీ వేసి సంతకం చేయమని ఆడపెళ్లివారిని అడిగేదాకా వచ్చింది.

అయినా తప్పంతా ఆయనదనలేము. హక్కు ఇచ్చిన చేత్తోనే సర్కారు దాని చుట్టూ కాగితాల కంచె వేసింది. ఆ కంచెలో సందు తెలిసినవాడు ఎంత విసిగించినా ఊరికి గత్యంతరం లేదు. విసిగిపోయిన ఊరివారు ఈయన మీద ఎంపీడీఓకు ఇచ్చిన ఫిర్యాదు సైతం ఈయన దస్తూరీలోనే ఉంటుంది. దానికి రశీదు తీసుకోవడం ఫిర్యాదుదారులు మరిచిపోయినా, పంతులు మరువడు.