తరుగు లేని కారు

ప్రొద్దుటూరు బంగారు అంగట్లో మా తట్టువాళ్లను మోసం చేయడం ఎవరి తరమూ కాదు. తులం గొలుసు కోసం ముగ్గురు ఆడవాళ్లు, ఒక పెద్దాయన కలిసి పోతారు. హాల్‌మార్క్ చూస్తారు. రాళ్ల బరువు తీసేయమంటారు. మజూరీ దగ్గర బిగుసుకుంటారు. తరుగు దగ్గర మాత్రం యుద్ధమే. నూటికి పన్నెండు అన్నాడా, "యాడన్నా ఉందా ఈ అన్యాయం" అని లేచి, చెప్పులేసుకుని పక్కంగట్లోకి నడుస్తారు. ఆ ఇంటి పెద్దకొడుకే ఇరవై లక్షలు పెట్టి ఎలక్ట్రిక్ కారు కొనడానికి కూర్చుంటాడు. అప్పుడు బ్రోచర్‌లో అచ్చేసిన అంకె వేదవాక్కు. తరుగు ఎంతని అడిగే నాథుడు ఉండడు.

ఈ అన్న ఊరు చాపాడు అనుకుందాం. జమ్మలమడుగులోనూ ఉంటాడు, పులివెందులలో ఇంకా ఎక్కువ మంది ఉంటారు. కొనదలచుకున్నది క్రాసోవర్. అంటే కారుకు జీపు వేషం వేసిన బండి. రెండింటి మధ్య ఊగుతున్నాడు: 2024 ఆగస్టులో వచ్చిన టాటా కర్వ్ ఈవీ ఒకటి, 2025 జనవరిలో వచ్చిన హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్ మరొకటి. ఫోన్ నిండా పోలిక వీడియోలే. భూమి రిజిస్ట్రేషన్‌కు ఈసీ కూడా తీయించనివాడు, ఈ రెండు బండ్ల వెనక లైటు ఎన్ని ముక్కలుగా వెలుగుతుందో కంఠతా చెబుతాడు.

ఆయన తీర్పు మొదటి వారంలోనే వచ్చేసింది. "ఒకటి 585 పోతాదంట, ఇంగొకటి 473. లెక్క తేలిపాయ గదా!"

తేలలేదన్నా. నీ చేతిలో ఉన్నవి రెండు వేరువేరు తక్కెళ్లు. కర్వ్ పెద్ద బ్యాటరీ బండికి మొదట చెప్పిన 585, మోడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అనే పరీక్షలో ఒక్క మొదటి భాగానిది. అది ఊళ్లో నింపాదిగా పోయే నడక. హైవే నడకను కొలిచే రెండో భాగం కూడా కలిపితే అదే బండి 502కు దిగింది. క్రెటా వాళ్లు మొదట చెప్పిన 473 రెండు భాగాలూ కలిపిన లెక్క. ఒకే తక్కెట్లో పెడితే 112 కిలోమీటర్ల తేడా కాస్తా 29 అయింది. ఆ 29కి కారణం కూడా మాయ కాదు. ఒకదాని బ్యాటరీ 55 యూనిట్లది, రెండోదానిది 51.4. భాగించి చూడు: యూనిట్‌కు ఒకటి 9.1 కిలోమీటర్లు, ఇంకొకటి 9.2. ఇన్నాళ్లూ ఇంట్లో అన్నం మానేసి కొట్లాడింది ఈ వంద మీటర్ల కోసం.

ఈ పరీక్ష జరిగేది రోడ్డు మీద కాదు. గదిలో, రోలర్ల మీద చక్రాలు తిప్పి. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు అద్దాలెత్తి, ఏసీ చివరికంటా తిప్పి, వెనక సీట్లో నలుగురిని కూర్చోబెట్టుకుని మైదుకూరు పెండ్లికి పోయే బరువు ఆ రోలర్లకు తెలియదు. కర్వ్ గురించి టాటా వాళ్లే ఇంకో అంకె కూడా చెప్పారు: నూటికి 75 మంది యజమానులకు నిజంగా వచ్చేది 400 నుంచి 425 అని. ఆ మాట పైకి చెప్పినందుకు వాళ్లను మెచ్చుకోవాల్సిందే. 585 మీద అది 27 నుంచి 32 శాతం తరుగు. పన్నెండుకే చెప్పులేసుకున్న కుటుంబం, ముప్పై దగ్గర షోరూంలో కేక్ కోసి ఫొటో దిగుతుంది.

అంకెల మీద మనకు ఇంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో అంతుబట్టదు. ఉక్కు ఫ్యాక్టరీ పేరుతో జమ్మలమడుగు చుట్టుపక్కల 2007లో ఒక శంకుస్థాపన, 2018లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో ఇంకొకటి చూసిన జనం మనం. ప్రతిసారీ ఇన్ని లక్షల టన్నులు, ఇన్ని వేల ఉద్యోగాలు అని లెక్క చెప్పారు. అయినా అచ్చులో అంకె కనబడితే చాలు, చేతులు జోడిస్తాం.

ఇక పోలికలో రెండో అంకం, ఏడాస్. ముందు బండిని చూసి తనంతట తానే బ్రేకు వేసే, గీత దాటితే స్టీరింగ్‌ను వెనక్కి లాగే తెలివి. రెండు బండ్లలోనూ పై మోడళ్లలో ఉంది. ఎవరిది ఎక్కువ తెలివని రాత్రి పన్నెండు దాకా చర్చ. ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు పోయే రోడ్డు మీద కోతల కాలంలో దాని తెలివి చూడాలి. సగం రోడ్డు వడ్ల ఆరబోత. మిగిలిన సగంలో ఎదురుగా కూలీలను నింపుకున్న ఆటో, దాని వెనక గడ్డి ట్రాక్టరు. అది ఎంత వెడల్పుందో దాని డ్రైవరుకే తెలియదు. గీత వడ్ల కింద ఉంది. గీత లోపలే ఉండమని కారు, గీత మీదనే వడ్లున్నాయని రైతు. వీళ్లలో తప్పుకోవాల్సింది ఎవరో ఏ వీడియోలోనూ చెప్పలేదు. బర్రె అడ్డమొస్తే కారు ఆగుతుంది, నిజమే. వెనకొచ్చే ఇసుక టిప్పరుకు ఆ సాఫ్ట్‌వేర్ లేదు.

చప్పుడు సంగతి ఇంకా తమాషా. సీమలో బండి అంటే ముందు చెవికి తెలియాలి. తెల్ల స్కార్పియో వీధి మలుపు తిరగకముందే అరుగు మీదివాళ్లు "అన్న వస్తాండాడు" అని కండువా సర్దుకుంటారు. ఇరవై లక్షలు పోసి, పిల్లి మాదిరి వచ్చి వాకిట్లో నిలబడితే మర్యాద ఏముంటుంది? మెల్లగా పోయేటప్పుడు పాదచారుల కోసం కృత్రిమంగా చప్పుడు చేసే ఏర్పాటు రెండింట్లోనూ ఉంది. అన్న అడిగిన ఒకే ఒక తెలివైన ప్రశ్న ఇక్కడే వచ్చింది. "ఆ సౌండు రోంత పెంచుకునేకి ఐతాదా?"

రిజిస్ట్రేషన్ దగ్గర బావమరిది ప్రవేశించాడు. తెలంగాణలో 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను మాఫీ, 2026 చివరిదాకా. "మా కూకట్‌పల్లి అడ్రసు మీద రాయిద్దాం బావా." ఓటు చాపాడులో, రేషన్ కార్డు చాపాడులో, కారు మాత్రం తెలంగాణ పౌరురాలు. రాష్ట్రం విడిపోయినప్పుడు ఊరేగింపులో గొంతు చించుకున్నది కూడా ఈ బావాబామ్మర్దులే.

అసలు ఈ బండి ఎక్కడికి పోతుంది? చాపాడు నుంచి ప్రొద్దుటూరు, మళ్లీ చాపాడు. రానుపోను పాతిక కిలోమీటర్ల లోపే. ఒకసారి నింపితే రెండు వారాలు తిరగొచ్చు. హైదరాబాదు పోవడం ఏడాదికి ఒకటో రెండో సార్లు, అదీ ఎక్కువగా రాత్రి బస్సులోనే. ఆ రెండు సార్ల కోసం ఏడాది పొడుగునా బెంగ.

బెంగ పడాల్సింది వేరే చోట ఉంది. దాని గురించి వీడియో లేదు, ఎందుకంటే దానికి సన్‌రూఫ్ లేదు. అది గోడ మీది కరెంటు మీటరు. ఇంట్లో మామూలు పెద్ద ప్లగ్గుకు పెడితే కారు 3.3 కిలోవాట్లు లాగుతుంది. చేలో ఐదు హెచ్‌పీ మోటారు తాగేదానికి కాస్త తక్కువ. ఖాళీ బ్యాటరీ నిండాలంటే పదహారు గంటల పైమాటే. తొందర పడి 7.2 కిలోవాట్ల ఛార్జర్ గోడకు బిగిస్తే, రెండు మోటార్లు వంటింటి పక్కన తిరుగుతున్నట్టే. ఇంటి సర్వీసుకు రాయించిన లోడు చూస్తే రెండు కిలోవాట్లు. సాయంత్రం ఏడింటికి వీధంతా టీవీలూ కూలర్లూ వేసినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మూలిగే ఊళ్లో, ఈ ముచ్చట ముందు లైన్‌మన్‌తో మాట్లాడాలి గానీ యూట్యూబ్‌తో కాదు.

డబ్బు మిగిలేదీ పోయేదీ కూడా ఆ మీటరు దగ్గరే. మన రాష్ట్రంలో ఇంటి కరెంటు నెలకు 225 యూనిట్లు దాటితే పైవాటికి 8.75, నాలుగొందలు దాటితే 9.75. సర్దుబాటు ఛార్జీల వడ్డన దీనికి అదనం. బండ్ల ఛార్జింగ్‌కు వేరే కేటగిరీ ఉంది, యూనిట్ 6.70. నెలకు 750 కిలోమీటర్లు తిరిగేవాడికి వంద యూనిట్లు కావాలి. ఏసీలున్న ఇంట్లో ఏ మీటరుకు తగిలించాడన్న ఒక్క విషయం మీదే నెలకు మూడొందల దాకా తేడా. రెండు కార్ల మధ్య కిలోమీటరుకు వచ్చే తేడా పైసల్లో కూడా కనబడదు. లీటరు 110 చుట్టూ తిరిగే పెట్రోలుతో పోలిస్తే మాత్రం ఏది కొన్నా లాభమే, బాగా తిప్పితే. పెండ్లికీ పేరంటానికీ తీసి, మిగతా రోజులు కవరు కప్పి ఉంచితే అది వాకిట్లో పోసిన డిపాజిట్, వడ్డీ రాదు.

"పొగ లేదబ్బా, పర్యావరణానికి మేలు" అని చివరి వాదన. పొగ చాపాడులో లేదు. ఎర్రగుంట్ల దగ్గర కలమల్లలో 1,650 మెగావాట్ల ఆర్టీపీపీ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు ఎప్పటినుంచో నిలబడి ఉన్నాయి, కాలేది బొగ్గే. మైలవరం తట్టు సోలార్ పలకలూ ఉన్నాయి, కాదనను. కానీ అన్న ఛార్జింగ్‌కు పెట్టేది భోంచేసి పడుకునే ముందు. సూర్యుడు అప్పటికి గండికోట అవతల దిగిపోయి ఉంటాడు.

ఇన్ని చెప్పినా అన్న పట్టు వదల్లేదు. కడపటికి వాళ్లమ్మ తేల్చింది. డిక్కీ ఒకదానిది 500 లీటర్లు, ఇంకొకదానిది 433 అని ఆయన చదువుతుంటే, "లీటర్లేందిరా, అది పాలక్యానా? యూరియా మూటలు ఎన్ని పడతాయో చెప్పు" అంది. ఆ ప్రశ్నకు రెండు షోరూంలలోనూ జవాబు లేదు.

ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చాడు. పాత ఇల్లు, ఎర్తింగ్ పేరుకు మాత్రమే ఉంది. ప్లగ్గులో టెస్టర్ పెట్టి చూసి నవ్వాడు.

"అన్నా, నువ్వు యా కారన్నా తెచ్చుకో. ఎర్త్ సరిగ్గా ల్యాకపోతే రెండూ ఛార్జింగ్ ఎక్కవు. ఎర్రలైటు ఏసుకుని కూచ్చుంటాయి. ముందు గుంత తవ్విచ్చు. ఉప్పు ఒక మూట, బొగ్గు రెండు మూటలు తెప్పీ."

అన్న వెంటనే ఫోన్ తీశాడు. తుమ్మబొగ్గు మంచిదా, చింతబొగ్గు మంచిదా అని పోల్చే వీడియో ఉందేమో వెతుకుతున్నాడు.