గూడబాతుకి గూడు, గూడెం అక్కకి టోకెన్

1983లో ఢిల్లీకి వలసల మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. వలస ప్రాణుల్ని కాపాడే బాన్ ఒప్పందంలో మన దేశం చేరింది ఆ ఏడే. పొట్ట చేతపట్టుకుని పై దేశాలకి పోయే మనుషుల కోసం ఎమిగ్రేషన్ చట్టం చేసింది కూడా ఆ ఏడే. రెండు కాగితాల మీదా సిరా ఆరి నలభై ఏళ్లు దాటింది. ఏ కాగితం ఎవరికి పనికొచ్చిందో చూడాలంటే మా కొల్లేరు రండి.

కైకలూరు పక్కన ఆటపాక ఉంది. అక్కడ గూడబాతులు జమీందారుల్లా కూర్చుని ఉంటాయి. గూళ్లు కట్టుకోడానికి చెట్లు చాలడం లేదని అటవీశాఖవారు నీళ్లలో ఇనుప స్టాండ్లు వేయించారు. జనవరి వస్తే బైనాక్యులర్లు పట్టుకుని తలతలా లెక్కపెడతారు. వాటి పేరు మీద 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉంది, 2002 నుంచి రామ్‌సర్ గుర్తింపు ఉంది. వాటి చోటు ఆక్రమించారని 2006లో సర్కారు యంత్రాలు దింపి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టింది. ఇంతా చేసి వీసా ఏదని అడిగినవాడు లేడు. అసలు ఈ గూడబాతుది సైబీరియా కానే కాదు, మన దక్షిణాసియా పిట్టే. మా పత్రికలవాళ్లమే కొల్లేట్లో వాలిన ప్రతి రెక్కకీ సైబీరియా అడ్రసు రాసిపడేస్తాం. తప్పుడు అడ్రసు మీద ఉంటున్నా దాని మర్యాదకి మాత్రం లోటు లేదు.

ఇక ఇదే గట్టు మీంచి ఎగిరి కువైట్‌లో వాలిన మనిషి సంగతి. పేరు వద్దులెండి, అక్క అందాం. ఊరు దెందులూరు వైపు కావచ్చు, ఆకివీడు వైపు కావచ్చు, తాడేపల్లిగూడెం పక్క పల్లె కావచ్చు. అక్క పదో తరగతి గట్టెక్కలేదు. కాబట్టి ఆవిడది ఈసీఆర్ పాస్‌పోర్టు. అంటే 18 దేశాల్లో దేనికి పనికి వెళ్లాలన్నా ముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే పెద్దమనిషి సరేననాలి. ఇంటిపనికి వెళ్లే ఆడమనిషైతే 30 ఏళ్లు నిండి ఉండాలి. 2016 నుంచి ఆ నియామకాలు ఎంపిక చేసిన ప్రభుత్వ సంస్థల ద్వారానే సాగాలి. మన రాష్ట్రంలో ఆ సంస్థ పేరు ఓమ్‌క్యాప్. ఈ నియమాలన్నీ అక్కని కాపాడటానికి పెట్టినవే. మహా గట్టిగా కాపాడాయి కూడా. అక్క ఆ దారి వైపు కన్నెత్తి చూడకుండా కాపాడాయి.

ఓమ్‌క్యాప్ ఆఫీసు ఎక్కడుందో అక్కకి తెలియదు. సబ్ ఏజెంటుకి అక్క ఇల్లు తెలుసు. తేడా అల్లా అక్కడే ఉంది. ఆయన ఇంటికి వస్తాడు, అరుగు మీద కూర్చుంటాడు, టీ తాగుతాడు, తెలుగులో మాట్లాడతాడు.

"వయసు ముప్ఫై నిండాలంట కదా తమ్ముడూ?"

"అది పనికెళ్లేవాళ్లకి అక్కా. నువ్వు టూరుకెళ్తున్నావు."

అదీ సంగతి. విజిట్ వీసా మీద వెళ్లేవాళ్లకి ప్రొటెక్టర్ అనుమతి అక్కర్లేదు. ఆ రకంగా దేశాలు చూడాలని తహతహలాడే పర్యాటకులు ఈ దేశంలో ఎవరయ్యా అంటే, రెండు జతల బట్టలు, ఓ ఆవకాయ సీసా, బొడ్లో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టుకుని బయల్దేరే మా గోదావరి జిల్లాల ఆడవాళ్లు. ఎడారి అందాలు చూడ్డానికి ఇంటి మీద అప్పు తెచ్చి మరీ వెళ్తారు. ఎయిర్‌పోర్టు కౌంటరు దగ్గర గట్టెక్కించే పనికి ఆ వ్యాపారంలో పుషింగ్ అని పేరు, దానికి వేరే రేటు. రిజిస్టరైన ఏజెంటైతే 30,000 రూపాయలూ, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదని విదేశాంగశాఖ నియమం. సబ్ ఏజెంటు నియమాల జోలికే పోడు కనుక ఆయన దగ్గర జీఎస్టీ బాధ కూడా లేదు.

(విమానం అంటే గుర్తొచ్చింది. తాడేపల్లిగూడేనికి, అదే మా గూడేనికి, రెండో ప్రపంచయుద్ధం నాటి ఏరోడ్రమ్ ఉంది. ఉల్లిపాయల లారీలకి దేశమంతటి నుంచీ దారి తెలిసిన ఊరు, విమానానికి మాత్రం ఇంకా దారి తెలియలేదు. అక్క గన్నవరమో శంషాబాదో పోవాల్సిందే.)

ఈ-మైగ్రేట్ అని కేంద్రానికో పోర్టల్ ఉంది. రాజమార్గంలో వెళ్లినవాళ్ల పేర్లన్నీ అందులో భద్రంగా ఉంటాయి. అలా వెళ్లినవాళ్లకి ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, రెండేళ్లకి 275 రూపాయలు కడితే ప్రమాదంలో పోయినవారికి పది లక్షలు. నిజంగా చవక, వంక పెట్టడానికి లేదు. అయితే అక్క టూరుకి వెళ్లింది కదా. టూరిస్టుకి ఆ బీమా ఎందుకు, ఆ జాబితాలో పేరెందుకు? అలా కొల్లేటి గూడబాతుల లెక్క మన దగ్గర ఉంది గానీ, కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎంతమంది ఆడవాళ్లు ఏ దేశపు వంటింట్లో ఉన్నారన్న లెక్క ఎవరి దగ్గరా లేదు. సబ్ ఏజెంటు దగ్గర ఉండొచ్చు. ఆయన ఎవరికీ చూపించడు.

సరే, అక్క కువైట్ చేరింది. దిగగానే పాస్‌పోర్టు సేటు బీరువాలోకి వెళ్లింది. రెండు నెలలకి ఫోను కూడా అటే వెళ్లింది. జీతం వచ్చే నెలకి వాయిదా పడింది, ఆ వచ్చే నెల ఇప్పటికీ వస్తూనే ఉంది. కువైట్‌లో చట్టం లేదనుకునేరు. 2015లో ఇంటిపనివాళ్ల కోసం ప్రత్యేకంగా చేశారు. పాస్‌పోర్టు లాక్కోకూడదు, రోజుకి 12 గంటలు మించి పని చెప్పకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి. మరుసటేడు కనీస జీతం 60 దీనార్లని కూడా తేల్చారు. ఆ చట్టం అరబ్బీలో ఉంది. మేడం తిట్టేదీ అరబ్బీలోనే. రెంటిలో అక్కకి ముందుగా అర్థమైంది మేడం చెప్పిందే.

మన సర్కారు చేతులు ముడుచుకుని కూర్చుందా అంటే లేదు. 2015 ఫిబ్రవరి నుంచి మదద్ అనే పోర్టల్ నడుస్తోంది. ఫిర్యాదు ఎక్కిస్తే నంబరిస్తుంది, ఆలస్యమైతే ఆ ఫిర్యాదుకి ఎర్రరంగు పులుముతుంది. ఎక్కించడానికి పాస్‌పోర్టు నంబరు, యజమాని పేరు, చిరునామా ఉంటే మంచిది. నంబరు బీరువాలో ఉంది. యజమాని పేరు అక్కకి తెలిసినంతలో 'బాబా'. చిరునామా అడిగితే, కిటికీలోంచి నీళ్ల ట్యాంకు కనిపిస్తుందని పక్కింటి శ్రీలంక ఆవిడ ఫోనులోంచి చెప్పింది.

ఇక కాగితం పట్టుకుని సోమవారం ఏలూరు కలెక్టరేటుకి అక్క వాళ్లమ్మ వెళ్లింది. ఈ సోమవారాల గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఒకప్పుడిది 'మీ కోసం'. తర్వాత 'స్పందన' అయింది. ఆనక 'జగనన్నకు చెబుదాం' వచ్చింది. ఇప్పుడు 'ప్రజా సమస్యల పరిష్కార వేదిక'. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఫ్లెక్సీ మారుతుంది. క్యూ, కుర్చీ, టోకెన్, సోమవారం మారవు.

"ఏ జిల్లామ్మా?"

ఇది మామూలు ప్రశ్న కాదండీ. కైకలూరు వాళ్ల పాత పాస్‌పోర్టులో కృష్ణా జిల్లా ఉంటుంది. ఏలూరు వాళ్ల పాత పాస్‌పోర్టులో పశ్చిమ గోదావరి ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న ఇద్దరూ ఇంట్లో అన్నం తింటూండగానే ఏలూరు జిల్లావాళ్లయిపోయారు. పశ్చిమ గోదావరి పేరు భీమవరం పట్టుకుపోయింది. అక్క కువైట్‌లో ఉండగా జిల్లాయే ఆవిణ్ణి వదిలి వలస పోయిందన్నమాట. గూడెం వాళ్లకి ఈ బాధ లేదు, వాళ్ల జిల్లా పేరు అదే, తిరగాల్సిన ఆఫీసు మాత్రం భీమవరం మారింది. కలెక్టరేటువారు పోలీసుల్ని కలవమంటారు. పోలీసులు కాంట్రాక్టు కాపీ ఉందా అంటారు. ఎవరో పుణ్యాత్ముడు తాడేపల్లిలో ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది, ఇలాంటివి వాళ్లు చూస్తారని సరైన సలహాయే చెప్తాడు. ఆ తల్లి అది విని గూడెం బస్సెక్కుతుంది. ఆవిడెరిగిన తాడేపల్లి అదొక్కటే. గుంటూరు జిల్లాలో ఇంకో తాడేపల్లి ఉందని, రాష్ట్రాన్ని నడిపే ఆఫీసులు అక్కడా ఉంటాయని గూడెం బస్టాండులో తెలుస్తుంది.

కువైట్‌లోని మన ఎంబసీని తిట్టడం నా ఉద్దేశం కాదు. అక్కడ సుమారు పది లక్షల మంది భారతీయులున్నారు, అంతమందికి ఒక ఎంబసీ. ఆడవాళ్లకి తలదాచుకునే చోటు ఉంది, తిండి ఉంది. 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. కాన్సులర్ సేవల మీద మనవాళ్లు కట్టే రుసుములోంచే కాస్త కాస్త తీసి కూడబెట్టిన సొమ్మది. అందులోంచి టికెట్టు కొనొచ్చు, లాయరుని పెట్టొచ్చు, పోయినవారిని ఇంటికి చేర్చొచ్చు. కానీ అక్కడిదాకా రావాలి కదా. సేటు ఇంటి గుమ్మం దాటగానే పారిపోయిందని కేసు పెడతారు. సొంత దేశపు గడపలోకి వెళ్లడం ఆ దేశంలో పరారీ కింద లెక్క. కేసు తేలేదాకా ఎంబసీవాళ్లు అవుట్‌పాస్ ఇచ్చినా అక్క విమానం ఎక్కలేదు.

అప్పుడు మిగిలేది క్షమాభిక్ష. కువైట్ వాళ్లు 2018లో పెట్టారు, 2020లో పెట్టారు, 2024లో మార్చి నుంచి జూన్ దాకా పెట్టారు. గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకోసారని ముందే తెలుసు, పిండివంటలకి సరుకులు తెచ్చుకోవచ్చు. క్షమాభిక్షకి పంచాంగం లేదు. పైగా దాని పేరు చూడండి. జీతం ఎగ్గొట్టినవాడు దర్జాగా ఉంటాడు, జీతం రానిది క్షమాపణ పొందుతుంది.

2017లో అప్పటి విదేశాంగమంత్రి సుష్మా స్వరాజ్‌గారు ట్విట్టర్‌లో ఓ మాటన్నారు. అంగారకుడి మీద చిక్కుకున్నా సరే, అక్కడి భారత ఎంబసీ ఆదుకుంటుందని. ఆవిడ సరదాగా అన్నారు గానీ, ఆవిడ రోజుల్లో ఒక ట్వీటుతో ఇంటికి చేరినవాళ్లు నిజంగానే ఉన్నారు. ఆ పుణ్యం ఊరికే పోకూడదని జనం కూడా పద్ధతి మార్చుకున్నారు. ఇవాళ చెలామణిలో ఉన్న అసలైన కాన్సులర్ దరఖాస్తు సెల్ఫీ వీడియో. 2024 జూలైలో కోనసీమ కుర్రాడొకడు సౌదీ ఎడారిలో ఒంటెల మధ్య నిలబడి వీడియో పెడితే మంత్రి లోకేశ్ స్పందించారు, కుర్రాడు ఇంటికొచ్చాడు. మంచి పనే, కాదనను. కానీ దీనికి ఉన్న అర్హతలు ఏ జీవోలోనూ లేవు. ఫోను ఉండాలి. డేటా ఉండాలి. మొహం మీద వెలుతురు పడాలి. ఏడుపు నిమిషంన్నరకి మించకూడదు. ఒంటెలుంటే ప్రాధాన్యం. గిన్నెలు తోముతూ తీసిన వీడియో అంతగా వైరల్ అవదని ఈ రంగంలో అనుభవజ్ఞులు చెబుతున్నారు. ఫోనే బీరువాలో ఉన్న అక్క ఇందులోనూ తప్పింది.

మూకుమ్మడిగా చస్తే మాత్రం కదలిక ఉంటుంది. 2024 జూన్ 12న గన్నవరం పక్కన కేసరపల్లిలో కొత్త ప్రభుత్వం ప్రమాణస్వీకారం చేసిన రోజునే, కువైట్ మంగాఫ్‌లో కార్మికుల భవనం తగలబడింది. రెండు రోజులకి వాయుసేన విమానం 45 మంది భారతీయుల్ని పెట్టెల్లో కొచ్చికి తెచ్చింది. ముగ్గురు మన రాష్ట్రంవాళ్లు, అందులో ఇద్దరు పాత పశ్చిమ గోదావరివాళ్లు. అంత వేగంగా ఆ పని చేసినవారికి దణ్ణం పెట్టాలి. ఇక్కడ ఎయిర్‌పోర్టు నుంచి శవపేటికని ఊరికి చేర్చడానికి ఏపీఎన్ఆర్‌టీ ఉచిత అంబులెన్సు కూడా ఇస్తుంది. బతికి వచ్చినవాళ్లు బస్సు చార్జీ సొంతంగా పెట్టుకోవాలి.

అందుకని నాదొక విన్నపం. అక్కని విదేశాంగశాఖ నుంచి తప్పించి అటవీశాఖకి బదిలీ చేయండి. పిట్ట కాలికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు నంబరున్న ఉంగరం వేస్తారు. ఏ దేశంలో ఎవడికి దొరికినా ఆ నంబరు చూసి బొంబాయికి కబురు పెడతాడు. ఉంగరం తీసి బీరువాలో పెట్టుకునే సేటు ఇంతవరకూ కనపళ్లేదు. అక్క కాలికి పట్టీలు ఎలాగూ తాకట్టులో ఉన్నాయి, జాగా ఖాళీయే.

1983 చట్టాన్ని మార్చరా అంటే, మారుస్తామంటున్నారు. 2019లో ముసాయిదా వచ్చింది. 2021లో ఇంకోటి వచ్చింది. 2025లో పేరులో సంక్షేమం, సౌలభ్యం రెండూ కలిపి మరోటి దించారు. ప్రతిసారీ ప్రజల అభిప్రాయాలు అడుగుతారు. అభిప్రాయం చెప్పాల్సినావిడ వంటింట్లో ఉంటుంది.

చివరికి అక్క వచ్చేసింది. క్షమాభిక్షలోనే వచ్చింది. అప్పు మాత్రం రాలేదు, అది ఇక్కడే వడ్డీతో సహా కూర్చుని ఉంది. వారం తిరక్కుండా సబ్ ఏజెంటు అరుగు మీదికొచ్చాడు.

"ఈసారి మస్కట్ అక్కా. కువైట్ లాగా కాదు, మంచి మనుషులు."

"నాకిప్పుడు ముప్ఫై నిండాయి తమ్ముడూ. గవర్నమెంటు దారిలోనే వెళ్తాను."

"వెళ్లక్కా, అదే మంచిది. ఎన్ని నెలలు పడుతుందో మాత్రం నన్నడక్కు. విజిట్ అయితే బుధవారం ఫ్లైటు."