ద్రాక్షతోటలో గజం ఎంత?

నేను రిటైరవుతున్న సంగతి నాకన్నా ముందు మా బావమరిదికి తెలిసిపోయింది. అప్పట్నుంచీ ఒమాన్‌లోని బహ్లాలో తెల్లారేసరికి నా ఫోన్లో ప్లాట్లు మొలుస్తున్నాయి. నాసిక్‌లో ద్రాక్షతోట నడుమ విల్లా, నంది కొండల కింద ద్రాక్షతోట పక్కన విల్లా, శామీర్‌పేట దాటాక ఏకంగా ‘ద్రాక్షవనం’. "ఫారిన్ల పెద్దోళ్లందరు వైన్ చేసే ఊళ్లల్లనే రిటైరైతరట బావా, మనకైతే చవక" అంటాడు. ఎంత చవకో చెప్పడు. వనంలో తీగలెక్కడని అడిగితే గేటు మీది గుత్తి బొమ్మ పంపాడు.

నేనుంటున్నది మాత్రం తక్కువ ఊరా? ఇక్కడి మట్టికోట 1987లో యునెస్కో జాబితాకెక్కింది. మరుసటేడే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకూ ఎక్కి 2004 దాకా అందులోనే ఉంది. (నా మోకాళ్లు ఇంకా అందులోనే ఉన్నాయి.) పైగా ఇది జిన్నుల ఊరని ఒమానంతా చెప్పుకుంటారు. ఇన్నేళ్లుగా అవి ఖాళీ చేయలేదంటే అద్దె గిట్టుబాటయినట్టే కదా!

ఇక చెట్లు. ఎటు చూసినా ఖర్జూరాలే. ఖర్జూరం మన ఈతచెట్టుకు దాయాది. శాస్త్రజ్ఞుల లెక్కలో రెండింటికీ ఫీనిక్స్ అనే ఇంటిపేరు. మా పక్కగదిలో మా ఊరి డ్రైవరున్నాడు, గీసేవాళ్లింటి బిడ్డ. జబ్రీన్ కోట దాకా వెళ్లినప్పుడల్లా దారి పొడుగునా చెట్లు లెక్కపెట్టి, రోజుకెన్ని లొట్లు దిగాలో తేలుస్తాడు. బహ్లా కుండలకు పేరుమోసిన ఊరు కూడాను. చెట్టుంది, కుండుంది, ఎక్కేవాడున్నాడు, లేనిదల్లా అనుమతి. ఇక్కడి రైతూ నడుముకు తాడు బిగించుకుని ఎక్కుతాడు, మగపువ్వును ఆడగెలలో పెట్టి దిగుతాడు. కింద మావాడు ఒకటే గోల: "గంత పైకెక్కి ఉత్త చేతుల్తోని దిగుతడేందన్నా!" ఒమానీలు మబ్సలీ రకం కాయల్ని ఉడకబెట్టి ఎండబెట్టి మన దేశానికి పంపుతారని, మన అంగట్లో అమ్మే ఎండు ఖర్జూరంలో అవీ ఉంటాయని చెప్పి ఊరడించబోయాను. కాయను ఉడకబెట్టారని విని ఆ పూట అన్నం ముట్టలేదు.

పెట్టుబడి పెట్టే విదేశీయులకు 2021 నుంచి ఇక్కడ దీర్ఘకాలం ఉండే కార్డులిస్తున్నారు. నేను పెట్టింది జుట్టు నల్లగా ఉన్న కాలమంతా. దాన్ని రియాళ్లలోకి మార్చే కౌంటరు లేదు. ఉద్యోగం పోయిన్నాడు నా కార్డూ పోతుంది.

మా ఊళ్లో ఈతవనం ఇప్పుడు వెంచరు. డ్రైవరు వాళ్ల నాయన మోకు వేసిన చెట్లు అందులోనే ఉండేవి. గీత తెలిసిన చేతులు ఇక్కడ స్టీరింగ్ తిప్పుతున్నాయి. వాడి కొడుకు మోకు ముట్టుకోకుండానే పాస్‌పోర్టుకు పెట్టాడు. చిన్నప్పుడు ఆ చెట్ల కింద ఊరికే పడుకున్నవాణ్ణి, ఇప్పుడు గజానికింతని ఎందుకు కట్టాలిరా అన్నాను.

"జల్ది కట్టన్నా" అన్నాడు, "దసరాకు రేటు పెంచుతరట."