ఆఖరి గడి

లాల్‌దర్వాజా సింహవాహిని గుడి దాటి రెండు మలుపులు తిరిగితే, ఓ పాత ఇంటి మేడ మీద ఆ యోగా క్లాసు. నడిపేది రిటైరైన బడి టీచరమ్మ. ఆమెకో చిన్న వెబ్‌సైటు చేసిపెట్టమని స్నేహితుడు అడిగితే, క్లాసు లేని ఆదివారం సాయంత్రం చూసుకుని కొండాపూర్ నుంచి వెళ్లాను. మా అమ్మ ఉండే గౌలిపురా అక్కడికి దగ్గరే. పని తొందరగా తెమిలితే ఓసారి కనపడి వద్దామనుకున్నాను.

నా ప్లాను ఏడు పేజీలు. మొదట సూర్య నమస్కారాల వీడియో, తర్వాత పతంజలి, ఆ తర్వాత 2014 డిసెంబరులో 177 దేశాల మద్దతుతో ఐక్యరాజ్యసమితి జూన్ 21ని యోగా దినంగా ప్రకటించిన ముచ్చట. టీచరమ్మ అద్దాలు సవరించుకుని అంతా ఓపిగ్గా చూసింది.

"మంచిగుంది బిడ్డా. గని నా దగ్గరికి వచ్చేటోళ్లు ముందుగాల మెట్లెన్ని అని అడుగుతరు. పందొమ్మిది. రెయిలింగ్ ఎడమ పక్కనే ఉంది. గది రాయి."

ఆ మాటతో నా ఏడు పేజీలు ఒక్క పేజీ అయ్యాయి. మెట్లు, టైములు, ఫీజు, ఫోను నంబరు, మ్యాపు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. బొమ్మ మీద రాసిన అక్షరాలు వెతికితే సులువుగా దొరకవు, ఫోను సరిగ్గా చదివి వినిపించకపోవచ్చు, కాబట్టి మామూలు తెలుగు టైపులోనే పెట్టాలి. మొగల్‌పురా నుంచి వచ్చే ఆడవాళ్ల కోసం టైములు ఉర్దూలోనూ కావాలంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, ఆ సంగతి పేజీకి విడిగా చెప్పాలి, లేదంటే చుక్కలూ అంకెలూ తారుమారవుతాయి. రంజాన్‌లో పొద్దుటి బ్యాచ్ టైము మారుతుంది. బోనాల ఆదివారం, సోమవారం ఆ గల్లీలో అడుగుపెట్టే జాగా ఉండదు, క్లాసుకు సెలవు. అందుకని నన్ను అడగకుండా ఆమే తన ఫోనులోంచి టైములు మార్చుకునే ఏర్పాటు చేస్తానన్నాను. ఆ గల్లీల్లో మ్యాపు తరచూ వెనక వీధికి తీసుకుపోతుంది. కిందికి దిగి, సరిగ్గా గుమ్మం ముందు నిలబడి గుర్తు పెట్టి వచ్చాను. సైటు పేరు మాత్రం నా పేరున కొననని, ఆమె పేరునే కొనాలని గట్టిగా చెప్పాను. చేసిపెట్టినవాడు ఊరు మారితే, ఏటా కట్టాల్సిన డబ్బు మరిచిపోతే, సైటు మాయమవడం చాలాచోట్ల చూశాను.

మధ్యలో నా ఫోను మోగింది. తెలియని నంబరు. బోర్లించి పెట్టాను. పనిలో ఉన్నప్పుడు అలాంటివి ఎత్తను.

చివరికి కొత్తగా చేరేవాళ్లు నింపే ఫారం దగ్గరికి వచ్చాం. టీచరమ్మ లోపలికి వెళ్లి అట్ట ఊడిన పొడుగు పుస్తకం తెచ్చింది. ఎర్ర ఇంకుతో స్కేలు పెట్టి గీసిన గడులు. పేరు, వయసు, నొప్పులు, వేసుకునే మందులు. ఆఖరి గడి మీద ఆమె ముత్యాల్లాంటి చేతిరాత: ఏమన్న అయితే ఎవరికి చెప్పాలె?

"నొప్పులూ మందులూ సైటుల వద్దు. అవి నా పుస్తకంలనే ఉంటయి" అంది.

ఇన్నేళ్ల పనిలో నాకు ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. మిగిలినవి ఎక్కించాను.

"ఆఖరి గడిల రెండు నంబర్లకు జాగ పెట్టు బిడ్డా."

"ఒకటి చాలమ్మా. ఫారం ఎంత పొడుగైతే అంతమంది సగంలో వదిలేస్తారు."

ఆమె వాదించలేదు. పుస్తకం తిప్పి ఒక పేజీ నా ముందు పెట్టింది. పేరు కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, ఆఖరి గడి ఒక్కటే చూపించింది. అందులో ఓ నంబరు మీద అడ్డగీత. దాని కింద వణికిన చేతిరాతలో: పక్కింటి ఖాలా. పక్కనే ఆమె నంబరు.

"ఈమెకు పోయిన నెల ఈడనే కండ్లు తిరిగినయి. నా ఫోనుకెళ్లి కొడుక్కు మూడుమార్లు చేసిన. ఎత్తలే. పాపం ఖాలా ఉరికొచ్చి దవాఖానకు తీస్కపోయింది. తెల్లారి ఈమెనే వచ్చి కొడుకు నంబరు కొట్టేసింది. వాడు పనిల ఉంటడు, సతాయించొద్దు టీచరమ్మా అన్నది."

గీత గీసింది ఒక్కటే. కొట్టేసిన అంకెలు స్పష్టంగా కనపడుతున్నాయి. ఆ పది అంకెలూ నా నంబరే.