చలానాకూ ఆషాఢం సేలు

“తప్పు చేయనప్పుడు భయమెందుకండీ? కోర్టుకెళ్లండి!” చలానా అందుకున్న ప్రతివాడికీ ఉచితంగా దొరికే సలహా ఇది. ఇచ్చినవాడు మాత్రం కోర్టు గుమ్మం తొక్కిన పాపాన పోయి ఉండడు.

మీ స్కూటరు ఇంటి ముందు ఎండలో మాడుతూ ఉంటుంది. ఫోన్లో మాత్రం అది నగరానికి అవతలి కొసన హెల్మెట్ లేకుండా తిరుగుతూ దొరికిపోయి ఉంటుంది. ఫొటో పెద్దది చేసి చూస్తే బండి వేరు, నంబరులో ఒక అంకె వేరు. నడిపే కుర్రాడికి తల నిండా జుట్టు. మీ బట్టతలకన్నా బలమైన సాక్ష్యం ఏం కావాలి?

చట్టమూ మీ వైపే ఉంది. కెమెరా చలానా అంటే తప్పు, చోటు, తేదీ, సమయం, నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించాలని 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రాసి పెట్టారు. ఆ ముక్క చెప్పుకోవడానికి ఒక రోజు సెలవు పెట్టాలి. బంట్రోతు పిలుపు కోసం వసారాలో చెవులు రిక్కించి నిలబడాలి. మీ పేరు వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది, వాయిదా పడుతుంది. మళ్లీ సెలవు, మళ్లీ ఆటో, వకీలును పెట్టుకుంటే ఫీజు. కొన్ని వందల చలానా మీద గెలవడానికి కొన్ని వేలు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మన పెద్దలు ఊరికే అన్నారా!

పోనీ లోక్ అదాలత్ ఉందిగా అంటారు. ఉంది. అక్కడ జరిగేది రాజీ. చేయని తప్పుకు రాజీ ఏమిటి, సగం తప్పు ఒప్పుకోవాలా? పైగా అక్కడి తీర్పు మీద అప్పీలు కూడా లేదు.

కట్టినవాడు అమాయకుడు, కోర్టుకెళ్లినవాడు పిచ్చివాడు. మరి తెలివైనవాడెవడు? చలానాలు పేర్చుకుని కాలు మీద కాలేసుకుని కూర్చున్నవాడు. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలానాల మీద ద్విచక్ర వాహనాలకు 75 శాతం తగ్గించారు. మరుసటి ఏడాది డిసెంబరు 26న మళ్లీ సేలు పెట్టి 80 శాతం చేశారు. అంటే మొదటి సేలుకు ఆశపడి కట్టేసినవాడు కూడా తొందరపడ్డట్టే! ఆర్టీసీ బస్సులకూ తోపుడు బండ్లకూ ఏకంగా 90 శాతం. ప్రభుత్వమే తన బస్సుకు జరిమానా వేసి, తనకు తానే తగ్గించుకోవడం అందులో ముచ్చటైన భాగం. జనవరి 10తో ముగియాల్సిన గడువు నెలాఖరుకు జరిగింది, అక్కణ్నుంచి ఫిబ్రవరి 15కు పాకింది. బట్టల కొట్టువాడి ‘చివరి మూడు రోజులు’ బోర్డుకే ఇంతకన్నా సిగ్గెక్కువ.

చలానా రాగానే పూర్తిగా కట్టేసినవాడికి మాత్రం పైసా వెనక్కి రాలేదు. వాడు చేసిన నేరం చట్టానికి భయపడటం!

అయ్యా, మళ్లీ ఎప్పుడైనా ఈ సేలు పెడితే పక్కనే ఇంకో కౌంటరు కూడా తెరవండి. “ఆ బండి నాది కాదు” అనేవాళ్లను అక్కడ నిలబెట్టి, ఫొటో ఒకసారి, మనిషి మొహం ఒకసారి చూడండి. తేడా కనిపిస్తే నూటికి నూరు శాతం తగ్గింపు ఇచ్చి పంపండి.